నాలుగో కొయ్య

జడ్చర్లకు నాలుగు కోసుల దూరంలో, దుందుభి వాగు ఒడ్డున ఒక ఊళ్లో ఒక గొర్లకాపరి తాత ఉండేవాడు. ఆయనకు ఇద్దరు మనవళ్లు. ఊరంతా వాళ్లను పెద్దోడు, చిన్నోడు అనే పిలిచేది. ఆ ఇంటి వసారా గోడకు నాలుగు చిలక్కొయ్యలు ఉండేవి.

మొదటి కొయ్యకు నల్ల గొంగడి. సొంత మంద ఉన్నితో నేయించి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి అది. మడత విప్పితే నిలువునా నిలబడేంత బిరుసు. తాత పెండ్లినాటి నుంచి ఉన్నది. రెండో కొయ్యకు యూరియా బస్తాతో మడిచిన కొప్పెర. మూడో కొయ్యకు, కంప కొట్టేటప్పుడు రొమ్ముకూ ముంజేతులకూ కట్టుకునే పాత తోలు. నాలుగో కొయ్యకు మాత్రం తొడుక్కునేది ఏదీ లేదు. ఒక లాంతరు, దాని కింద చుట్టగా చుట్టిన చాంతాడు, అంతే.

ఒక మాఘమాసం రాత్రి గడ్డివాముకు నిప్పంటుకుంది. వాము పక్కనే గొర్లదొడ్డి. పెద్దోడు దిగ్గున లేచి, చేతికందిన కొప్పెర నెత్తిన వేసుకొని ఉరికాడు. రవ్వలు వాన చినుకుల్లా రాలుతున్నాయి. దొడ్డి తడక తీసే లోపల కొప్పెర అంచు కరిగి ముంజేతి మీద పడింది. నిప్పయితే విదిలిస్తే రాలిపోయేది. కరిగిన ప్లాస్టిక్ రాలలేదు. చర్మాన్ని పట్టుకొని కాలింది. పీకితే తోలుతో సహా ఊడింది. గొర్లు దక్కాయి. పెద్దోడి ముంజేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ జన్మంతా మిగిలింది.

"గొంగడి ఏసుకోవాల్సింది కదరా," అన్నాడు తాత, పుండుకు మందు రాస్తూ. "ఉన్ని కాలితే మాడుతది గని కరిగి మీద పడదు."

పెద్దోడు ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. చాలా గట్టిగా పట్టుకున్నాడు.

ఆ ఏడు వానాకాలంలో దుందుభి పొంగింది. నాలుగు గొర్లు వాగు నడిమి దిబ్బ మీద చిక్కుకున్నాయి. పెద్దోడు ఈసారి ఆలోచించకుండా గొంగడి కప్పుకొని, మెడ దగ్గర ముడేసుకొని నీళ్లలోకి దిగాడు. మొల లోతు వచ్చేసరికి గొంగడి నీళ్లు తాగడం మొదలుపెట్టింది. రొమ్ము లోతులో అది గొంగడి కాదు, మెడకు కట్టిన బండ. చిన్నోడు ఈదుకుంటూ పోయి కొడవలితో ముడి కోశాడు కాబట్టి పెద్దోడు ఒడ్డుకు చేరాడు. తాత పెండ్లినాటి గొంగడి కృష్ణమ్మ దిక్కు పోయింది.

"నువ్వే గద తాతా గొంగడి మంచిదన్నవ్!" అన్నాడు పెద్దోడు, రొప్పుతూ.

"నిప్పుకు మంచిదన్న. నీళ్లకు అన్ననా?"

కొత్త గొంగడి నేయించారు. ఒకనాడు తప్పిపోయిన మేకపోతు సర్కారు తుమ్మ కంపలో దొరికింది. పెద్దోడు ఈసారి తాతను అడిగి మరీ తోలు కట్టుకున్నాడు, పైన చలికి గొంగడి కప్పుకున్నాడు. గీరుకోకుండా మేకపోతును బయటికి తెచ్చాడు. ఇంటికొచ్చి ఆ సంబరంలో గొంగడి తీసి నులకమంచం మీద పడేశాడు. దాని నిండా ఉత్తరేణి గింజలు. ఆ మంచం మీద ఏడాది నిండని చెల్లెలు పడుకొని ఉంది. పిల్ల ఏడుపు విని తల్లి వచ్చి చూస్తే వీపంతా గుచ్చుకొని ఎర్రగా కందింది. కంపలోకి పోయింది పెద్దోడు, కంప గుచ్చుకున్నది చంటిదానికి.

తాత ఆ రోజు ఏమీ అనలేదు. గొంగడిని వాకిట్లోకి తీసుకుపోయి, ఒక్కొక్క గింజా ఏరుతూ కూర్చున్నాడు, దీపాలు పెట్టే వేళ దాకా.

పోగా పోగా ఎండాకాలం వచ్చింది. ఊరి బయట నీళ్లు లేని పాత మోటబావి ఒకటి ఉండేది. గడ్డీ గాదం కుళ్లి, ఏండ్ల తరబడి ఎవరూ దిగని బావి. ఒక గొర్రెపిల్ల అందులో పడింది. కాసేపు అరిచింది. తరవాత అరవలేదు.

పెద్దోడు ఇంటికి పరుగెత్తాడు. ఇన్ని దెబ్బలు తిన్నవాడు, ఈసారి ఏదీ తక్కువ కావద్దనుకున్నాడు. తోలు కట్టాడు. దాని మీద గొంగడి. దాని మీద కొప్పెర. ముక్కుకు తడిగుడ్డ. మూడు కొయ్యలూ ఖాళీ చేసి, చెమటలు కక్కుతూ బావి దగ్గరికి వచ్చి, గిలకకు తాడేసి దిగబోయాడు.

"ఆగు," అన్నాడు తాత. "చిన్నోడా, నాలుగో కొయ్యది తేపో."

లాంతరు వచ్చింది. తాత దాన్ని వెలిగించి, చాంతాడుకు కట్టి, మెల్లగా దింపాడు. ఒక మట్టు, రెండు మట్లు, మూడు మట్లు. వెలుగు బావి రాళ్ల మీద ఊగుతూ దిగుతున్నది. నాలుగో మట్టు దగ్గర మంట పొట్టిదైంది. పచ్చగా ఉన్నది నీలంగా మారింది. ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.

ముగ్గురూ చీకటి బావిలోకి చూస్తూ నిలబడ్డారు.

"నీ ఒంటి మీద మూడు అంగీలున్నయి," అన్నాడు తాత. "అన్ని గలిపి ఒక్క ఊపిరి ఇస్తయా కొడుకా?"

బొక్కెన పడితే తీసే పాతాళగరిగె తెచ్చి, గంటసేపు పెనుగులాడి గొర్రెపిల్లను పైకి లాగారు. అది చచ్చిపోయి ఉంది. పెద్దోడు దాని పక్కన కూర్చొని ఏడ్చాడు. తాత వాడి మీది కొప్పెర తీశాడు, గొంగడి తీశాడు, తోలు ముడి విప్పాడు. వీపు నిమురుతూ అన్నాడు:

"ఏ అంగీ ఏసుకోవాలె అని పతిసారి మొదటి కొయ్యకాన్నించి ఎతుకుతున్నవ్ బిడ్డా. నాలుగో కొయ్యకాన్నించి ఎతుకు. ఆడ ఏమున్నదో సూసినంకనే ఈడ ఏం తొడగాల్నో తెలుస్తది."

నీతి

అంగీని అడగకముందు అపాయాన్ని అడగాలి. ఇదే ఈ కథకు నీతి. దీన్ని జడ్చర్లలో చెప్పడానికి కారణం ఉంది.

జడ్చర్ల ఇప్పుడు బాదేపల్లి మార్కెట్టూ గొర్ల మందలూ మాత్రమే కాదు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, రాయచూరు దిక్కు నుంచి వచ్చే 167వ నంబరు రహదారి కలిసేది ఇక్కడే. ఆ దారిన పెట్రోలు పోతుంది, గ్యాస్ పోతుంది, యాసిడ్ పోతుంది, మందుల కంపెనీలకు సాల్వెంట్లు పోతాయి. సెజ్ కోసం పొలాలు పోయిన పోలేపల్లిలో ఈనాడు అరబిందో, హెటిరో వంటి పెద్ద కంపెనీలు మాత్రలు, క్యాప్సూళ్లు తయారుచేస్తున్నాయి. ఒకప్పుడు పాలమూరు జట్లుగా దేశమంతా తిరిగి ఆనకట్టలకు మట్టి మోసినవాళ్ల కొడుకులు, కూతుళ్లు ఇవాళ మెడలో ఐడీ కార్డు వేసుకొని షిఫ్టు బస్సెక్కుతున్నారు. వాళ్లలో ఎంతోమంది ఏదో ఒక రోజు స్టోర్‌రూమ్‌లో కొయ్యలకు వేలాడే అంగీల ముందు నిలబడాల్సి రావచ్చు. బయట అలారం మోగుతుంటుంది. ఆలోచించుకోవడానికి టైమ్ ఉండదు. అందుకే ఆలోచన ఇప్పుడే కావాలి.

కరోనా కాలంలో మనందరికీ ఒక మాట అలవాటైంది: పీపీఈ కిట్. తెల్లగా, నెత్తి నుంచి పాదాల దాకా కప్పే ఆ అంగీ చూస్తే ఏదైనా ఆపుతుందనిపిస్తుంది. అది తుంపర్లకూ దుమ్ముకూ చేసిన అంగీ. గాఢమైన యాసిడ్ పడితే, సాల్వెంటు ఆవిరి తగిలితే అది పెద్దోడి కొప్పెరతో సమానం. పీపీఈ అనేది ఒక వస్తువు పేరు కాదు. వంద రకాల అంగీలకు కలిపి పెట్టిన ఒక పేరు. "కిట్ వేసుకున్నావా?" అని అడిగే సూపర్‌వైజరు సగం ప్రశ్నే అడుగుతున్నాడు. "దేనికి వేసుకున్నావు?" అన్నది మిగతా సగం.

కథలో నిప్పుకు కొప్పెర వేసుకోవడం, నీళ్లకు గొంగడి కప్పుకోవడం చూసి నవ్వొస్తే, రబ్బరు గ్లౌజుల సంగతి చెప్తాను. అసిటోన్ పనికి బ్యూటైల్ రబ్బరు గ్లౌజు గంటల తరబడి తట్టుకుంటుంది. ఆస్పత్రుల్లో, ల్యాబుల్లో కనిపించే నీలం రంగు నైట్రైల్ గ్లౌజు అసిటోన్‌కు నిమిషాల్లో లొంగిపోతుంది. హెక్సేన్, పెట్రోలు లాంటివాటి దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది: అక్కడ నైట్రైల్ గట్టిది, బ్యూటైల్ మెత్తబడి ఉబ్బిపోతుంది. పీవీఏ అనే రకం గ్లౌజు ఎన్నో సాల్వెంట్లను ఆపగలదు గానీ మామూలు నీళ్లు తగిలితే కరిగిపోతుంది. ఖరీదైన గ్లౌజు, మందమైన గ్లౌజు అని వెతికేవాళ్లకు ఇక్కడ దారి దొరకదు. ఏ రసాయనానికి ఏ సరుకు ఎన్ని నిమిషాలు ఆగుతుందో తయారీదారులు పట్టిక వేసి ఇస్తారు. బ్రేక్‌త్రూ టైమ్ అంటారు దాన్ని. ఆ కాగితం గ్లౌజుల పెట్టె పక్కన గోడకు అంటించి ఉండాలి. ఆఫీసు ఫైల్లో ఉంటే లేనట్టే.

రసాయనం అంగీ లోపలికి మూడు దారుల్లో వస్తుంది. జిప్పు సందుల్లోంచి, కుట్ల రంధ్రాల్లోంచి కారడం ఒకటి. బట్టనే తినేసి, పెళుసు చేసి, పగలగొట్టి రావడం రెండోది. ఈ రెండూ కంటికి కనిపిస్తాయి. మూడోది కనిపించదు. చిల్లు లేకుండా, మరక లేకుండా, అణువు అణువుగా రబ్బరులోంచి ఇంకి అవతల తేలుతుంది. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ కేరన్ వెటర్‌హాన్‌కు జరిగింది అదే. 1996 ఆగస్టు 14న ఆమె డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరసం సమ్మేళనంతో పనిచేస్తుండగా ఒకటి రెండు చుక్కలు గ్లౌజు మీద పడ్డాయి. చేతికి లేటెక్స్ గ్లౌజు ఉంది. ఆనాటికి ఒప్పుకున్న జాగ్రత్తలన్నీ తీసుకున్న మనిషే ఆమె. తరవాత పరీక్షిస్తే తెలిసింది, ఆ రసాయనం ఆ గ్లౌజును దాటడానికి 15 సెకన్లు కూడా పట్టదని. నెలల తరవాత మాట తడబడటం, నడక తూలడం మొదలయ్యాయి. 1997 జూన్ 8న ఆమె చనిపోయారు. ఆ గ్లౌజు చిరగలేదు. దాన్ని చూస్తే బాగానే ఉండి ఉంటుంది. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. జాగ్రత్త లేక పోయిన ప్రాణం కాదది, జాగ్రత్త తప్పు కొయ్యకు ఉండటం వల్ల పోయింది.

పెద్దోడి రెండో తప్పు ఇంకా లోతైనది. నిప్పు దగ్గర నేర్చుకున్న పాఠాన్ని వాగు దగ్గరికి మోసుకుపోయాడు. కంపెనీల్లోనూ కిందటి ప్రమాదానికి తగినట్టు కొత్త అంగీలు కొంటారు. వచ్చే ప్రమాదం పాతదాని పోలికలో రావాలని లేదు. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఎసెన్షియా ఫ్యాక్టరీలో సాల్వెంటు లీకై, ఆవిరి నిప్పందుకొని పేలింది. 17 మంది చనిపోయారు. కారుతున్నది రసాయనమే కదా అని కెమికల్ సూటు తొడుక్కొని అలాంటి ఆవిరిలోకి పోతే ఏమవుతుంది? కెమికల్ సూట్లు చాలావరకు ప్లాస్టిక్, రబ్బరు పొరలు. ఒక్క మంట భగ్గుమంటే ఒంటికి కరుచుకుంటాయి. మంటకు పనికొచ్చే అగ్నిమాపక కోటు యాసిడ్‌ను పీల్చుకుంటుంది. మండేదీ, ఒంటిని కాల్చేదీ ఒకచోటే ఉంటే ఆ రెంటికీ కలిపి చేసిన సూటు కావాలి. లేకపోతే ఆవిరి చెదిరేదాకా దూరంగా నిలబడే ధైర్యం కావాలి. రెండోదే కష్టం.

ఇప్పుడు బావి దగ్గరికి వద్దాం. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ బావే.

ఒంటికి తొడిగేది ఒక సంగతి, ఊపిరికి పెట్టుకునేది వేరే సంగతి. అమెరికా నిబంధనల్లో ఈ అంగీలను ఏ, బి, సి, డి అని నాలుగు మెట్లుగా చెప్తారు. మన దగ్గరా ట్రైనింగుల్లో అవే మాటలు వాడతారు. ఏ అంటే గాలి కూడా చొరని, మనిషినీ వీపు మీది సిలిండరునూ కలిపి మూసేసే సూటు. బి అంటే సిలిండరు గాలే, కానీ సూటు చిమ్మే ద్రవాన్ని ఆపేది, ఆవిరిని కాదు. సి అంటే సూటు ఉంటుంది, ఊపిరి మాత్రం బయటి గాలినే డబ్బాలోంచి వడగట్టి పీల్చడం. డి అంటే మామూలు డ్యూటీ బట్టలు, బూట్లు, హెల్మెట్. చాలామంది ఇవి ఖరీదు మెట్లు అనుకుంటారు. కాదు, ఇవి తెలివిడి మెట్లు. అక్కడ ఏమున్నదో, ఎంతున్నదో ఎంత తక్కువ తెలిస్తే అంత పై మెట్టు ఎక్కాలి. సి వేసుకోవాలంటే మూడు తెలిసుండాలి: రసాయనం పేరు, గాలిలో దాని మోతాదు, ఆక్సిజన్ కనీసం 19.5 శాతం ఉందన్న సంగతి. మామూలు గాలిలో ఉండేది 20.9.

వడపోత డబ్బా గాలిని శుభ్రం చేస్తుంది, గాలిని తయారుచేయదు. ఫార్మా రియాక్టర్లలో నిప్పు పుట్టకుండా నైట్రోజన్ నింపుతారు. దానికి వాసన లేదు, రంగు లేదు, దగ్గు రాదు. మూత తీసి లోపలికి తల పెట్టినవాడు రెండు మూడు ఊపిర్లలోనే కూలిపోతాడు. వాణ్ని లాగడానికి మాస్కు పెట్టుకొని ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు. సెప్టిక్ ట్యాంకుల్లో, డ్రైనేజీ మ్యాన్‌హోళ్లలో మన ఊళ్లల్లో ఎన్నిసార్లు చదవలేదు ఇలాంటి వార్త! తడిగుడ్డ సంగతీ అంతే. అమోనియాలాంటి, నీళ్లలో కరిగే గ్యాసు నుంచి పారిపోయేవాడికి అది కొద్దిగా సాయం. లోపలికి పోయేవాడికి అది అంగీ కాదు.

డబ్బాల్లోనూ తేడాలున్నాయి. యూరప్ పద్ధతిలో సాల్వెంటు ఆవిరికి గోధుమరంగు పట్టీ, క్లోరిన్ లాంటివాటికి బూడిదరంగు, సల్ఫర్ డయాక్సైడుకు పసుపు, అమోనియాకు ఆకుపచ్చ. అమెరికా రంగులు వేరు. స్టోర్‌లో రెండు దేశాల సరుకూ కలిసి ఉంటే, రంగు చూసి డబ్బా తీసుకునేవాడు ప్రాణంతో పందెం కాస్తున్నట్టే. పట్టీ మీద అక్షరం కూడా చదవాలి.

తాత లాంతరు గురించి ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఆనాటి బావికి అది సరైన పనిముట్టు. సాల్వెంటు ట్యాంకులోకి, గ్యాసు పట్టిన గుంతలోకి మంటను దింపితే చావే. ఈనాటి లాంతరు అరచేతిలో పట్టే గ్యాస్ మీటరు. ఆక్సిజన్, మండే ఆవిరి, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, నాలుగూ ఒకేసారి చూపిస్తుంది. దాన్ని తాడు కట్టి దింపి, పైనా నడిమినా అడుగునా మూడు మట్లలో చూడాలి, తాత చూసినట్టే. ఎందుకంటే చాలా ఆవిర్లు గాలి కన్నా బరువు, అడుగునే పరుచుకుంటాయి.

ఇక మూడు అంగీలూ ఒకదాని మీద ఒకటి వేసుకోవడం. ఏమీ తెలియకపోతే అన్నిటికన్నా పెద్ద సూటే వేసుకుంటే పోలేదా అని అడుగుతారు. పాలమూరు మే నెలలో అడిగి చూడండి. బయట ఎండ 42 డిగ్రీలు. మూసేసిన సూటులో చెమట ఆరదు, ఆరనిదే ఒళ్లు చల్లబడదు. బూట్లలో చెమట బొళబొళమంటుంది. అద్దం మీద ఆవిరి కమ్ముతుంది, మూడు గ్లౌజుల చేతికి వాల్వు చక్రం అందినట్టే ఉండి జారుతుంది. సిలిండరు లెక్క ఇంకొకటి. ఆరు లీటర్ల సిలిండరులో 300 బార్ ఒత్తిడితో నింపితే సుమారు 1800 లీటర్ల గాలి. కష్టపడి పనిచేసేవాడు నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే 45 నిమిషాలు. భయపడితే 60 లీటర్లు, అంటే అరగంట. అందులో పోవడానికి, రావడానికి, కడిగించుకోవడానికి పోను, లీకు దగ్గర మిగిలేది పది పదిహేను నిమిషాలు. ఇద్దరు లోపలికి పోతే, అదే సూట్లలో ఇద్దరు బయట సిద్ధంగా కూర్చోవాలి. ఆ ఇద్దరు లేనప్పుడు మొదటి ఇద్దరూ పోకూడదు. ఎక్కువ అంగీ ఎప్పుడూ ఎక్కువ రక్ష కాదు. ఎండదెబ్బకు పడిపోయినవాణ్ని విషంలోంచి ఎవరు మోస్తారు?

చంటిపిల్ల వీపు మీది ఉత్తరేణి గింజలు గుర్తున్నాయి కదా. అంగీ తొడగడం కన్నా విప్పడం కష్టం. విప్పకముందే నీళ్లతో కడగాలి. తరవాత లోపలి వైపు బయటికి వచ్చేలా, పైనుంచి కిందికి ఒలవాలి. మాస్కు అన్నిటికన్నా చివర. కడిగిన నీళ్లు మోరీలోకి పోనీయకూడదు. డ్యూటీ బట్టలు ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతికే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. తప్పు ఆ ఇల్లాలిది కాదు. బట్టలు ఫ్యాక్టరీలోనే ఉతికించే ఏర్పాటు చేయాల్సినవాళ్లది.

ఏ అంగీ లేనివాళ్లు కూడా ఉన్నారు. 2020 మే 7న, తెల్లవారుజామున, విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చినప్పుడు ఊరు నిద్రలో ఉంది. లేచినవాళ్లు లేచినట్టు పరుగెత్తి రోడ్డు మీదే సొమ్మసిల్లారు. 12 మంది పోయారు. మాస్కులతో, సిలిండర్లతో ఎన్డీఆర్ఎఫ్ బలగాలు వచ్చి ఇల్లిల్లూ వెతికాయి. ఊరి జనానికి సూట్లు పంచలేం. వాళ్లకు అంగీ దూరమే. గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా నడిచి, పల్లం వదిలి మెరక ఎక్కడమే. ఆ ట్యాంకులో ఏమున్నదో, లీకైతే ఏ దిక్కుకు పోవాలో ఊరికి ముందే తెలిసి ఉండాలి. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలు పెద్ద మోతాదులో ఇలాంటివి నిలవచేసే ఫ్యాక్టరీలకు ఇదే చెప్తాయి: చుట్టుపక్కల జనానికి అపాయం సంగతీ, చేయాల్సిందీ ముందే తెలియజేయాలని. ఆ నాలుగో కొయ్య ఊరి ఉమ్మడి ఆస్తి. ఫ్యాక్టరీ గేటు లోపలే ఉంచుకునేది కాదు.

జడ్చర్ల ఫ్లైఓవర్ దగ్గర చాయ్ తాగుతూ పోయే ట్యాంకర్లను ఒకసారి చూడండి. వెనకాల, పక్కలా ఒక పలక ఉంటుంది. మోటారు వాహనాల నియమాల ప్రకారం సరుకు పేరు, నాలుగంకెల ఐక్యరాజ్యసమితి నంబరు, ఫోన్ నంబరు దాని మీద రాసి ఉండాలి. చాలావాటి మీద ఒక అంకె, ఒకటి రెండు అక్షరాలతో హాజ్‌కెమ్ కోడ్ కూడా ఉంటుంది. చూడటానికి కవల పిల్లల్లాంటి రెండు ట్యాంకర్లు పోతాయనుకోండి. ఒకదాని మీద 1090, '2వైఈ'. అది అసిటోన్. 'వై' అంటే సిలిండరు గాలితో అగ్నిమాపక కోటు వేసుకొని రమ్మని. 'ఈ' అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి చూడమని. రెండోదాని మీద 1789, '2ఆర్'. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. 'ఆర్' అంటే సిలిండరుతో పాటు పూర్తి కెమికల్ సూటు కావాలని. ఒకదాని అంగీ ఇంకోదాని దగ్గర పనికిరాదు.

ఆ ట్యాంకర్లలో ఒకటి రేపు మన ముందే బోల్తా పడితే, డ్రైవరును లాగుదామని కాళ్లు ఉరుకుతాయి. సాయం చేసే బుద్ధి మంచిదే, పెద్దోడికీ ఉండింది. గాలి మన వీపు మీదికి కొట్టే వైపున, పలక మీది అంకెలు కంటికి ఆనేంత దూరంలో ఆగాలి. దగ్గరికి పోవద్దు, ఫోన్ కెమెరాను జూమ్ చేస్తే చాలు. 101కో, 112కో చేసి, ఎక్కడున్నామో చెప్పి, "ట్యాంకర్ పడిపోయింది, త్వరగా రండి" అనడంతో ఆపకుండా ఒక్కొక్క అంకే నిదానంగా, రెండుసార్లు చెప్పాలి. ఒకటి, ఏడు, ఎనిమిది, తొమ్మిది. అవతల బండెక్కబోయే మనిషి ఆ నాలుగంకెలు విని వెనక్కి తిరిగి, అగ్నిమాపక కోటును కొయ్యకే వదిలేసి, కెమికల్ సూటు అందుకుంటాడు.